ఆకురాలు కాలం పూలతో పండగ బల్లకు సెంటర్‌పీస్: కొనడం నుంచి మర్నాటి దాకా

పొద్దున పేర్చిన పూలు అతిథులు వచ్చే వేళకు తల వాల్చేస్తున్నాయని కొందరు అడుగుతుంటారు. ఫొటోలో బాగానే ఉంది కానీ భోజనానికి కూర్చుంటే ఎదుటివాళ్ల ముఖం కనబడట్లేదని ఇంకొందరు. రెండింట్లోనూ తప్పు పూలది కాదు. మొదటిచోట కాడల్లోకి నీళ్లు ఎక్కలేదు. రెండోచోట నిలబడి పేర్చారు, కూర్చుని చూసుకోలేదు. అందుకే పూలు గుచ్చే పని కంటే దానికి ముందు చేసుకోవాల్సిన ఏర్పాటు గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాను.

1. ముందు బల్ల కొలవండి

పూల గురించి ఆలోచించే ముందే టేపు తీయండి. సెంటర్‌పీస్ (బల్ల మధ్యలో పెట్టే పూల కూర్పు) వెడల్పు బల్ల వెడల్పులో మూడో వంతు దాటకూడదు. 36 అంగుళాల బల్ల అనుకుందాం. అంచు నుంచి కాస్త ఖాళీ, దాని తర్వాత ప్లేటు కలిపి ఒక్కో వైపు సుమారు 12 అంగుళాలు పోతాయి. మధ్యలో మిగిలేది 12. గ్లాసులు కూడా అందులోకే జరుగుతాయి కాబట్టి 10 అంగుళాల దగ్గర ఆగితే మంచిది.

ఎత్తుకు టేపు అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని మోచేయి బల్ల మీద ఆనించి, చెయ్యి నిటారుగా పెట్టండి. పూలు మణికట్టు దాటకూడదు. దాదాపు 10, 11 అంగుళాలు వస్తుంది. పాత్ర ఎత్తు కూడా ఇందులోనే లెక్క.

ఇంకో ప్రశ్న కూడా ఇప్పుడే తేల్చుకోండి. వంటకాల గిన్నెలు బల్ల మధ్యలోనే పెడతారా, పక్కన వేరే బల్ల మీదా? మధ్యలోనే అయితే ఒక పెద్ద సెంటర్‌పీస్ వద్దు. మూడు చిన్న పాత్రలు చేసి, గిన్నెలకు చోటు వదులుతూ పెట్టండి. వడ్డించే సమయంలో పూలగిన్నెను ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లో పట్టుకుని నిలబడే అవస్థ తప్పుతుంది.

బల్ల పొడవుగా ఉంటే గుండ్రటి కూర్పు మధ్యలో ఒంటరిగా కనిపిస్తుంది. పొడవులో మూడో వంతు వచ్చేలా కోలగా చేయండి. గుండ్రటి బల్లకు గుండ్రటిదే నప్పుతుంది.

2. ఏ రోజు ఏ పని

- 3 రోజుల ముందు: పాత్ర, కత్తెర, జాలీ లాంటివి సిద్ధం. ఎండినవి (పైన్ కాయలు, గోధుమ వెన్నులు, గింజల కాయలు) పోగు చేయడం.
- 2 రోజుల ముందు: పూలు తేవడం, కాడలు కోసి నీళ్లలో పెట్టడం.
- ముందురోజు సాయంత్రం: పేర్చడం.
- పండగ రోజు: నీళ్లు నింపడం, వాడినవి మార్చడం, బల్ల మీద పెట్టడం.

పండగ రోజు పొద్దున పూలు కొనుక్కొచ్చి అప్పటికప్పుడు పేరుద్దామనుకోవద్దు. వంటింట్లో పని ఉంటుంది, కాడలకు నీళ్లు తాగే వ్యవధి ఉండదు, టెన్షన్ అంతా పూల మీదకు వస్తుంది.

డాలియాలకు మాత్రం ఈ వరస కాస్త మార్చుకోవాలి. కోశాక అవి పెద్దగా విచ్చుకోవు, మూడు నాలుగు రోజులకు మించి నిలవడమూ కష్టమే. వాటిని ముందురోజు తెచ్చుకోండి, అదీ దాదాపు పూర్తిగా విచ్చినవే.

3. ఏ పూలు, ఎన్ని

అడుగు వెడల్పు కూర్పుకు ఈ లెక్క సరిపోతుంది:

- పెద్ద పూలు 5: డాలియా, పొద్దుతిరుగుడు, పెద్ద చామంతి, గులాబీ. వీటిలో ఒక్క రకమే ఎంచుకోండి, మహా అయితే రెండు.
- మధ్యరకం పూలు 7 నుంచి 9: జినియా, కార్నేషన్, చిన్న చామంతి, కోడిజుట్టు పువ్వు.
- నింపడానికి చిన్న పూల రెమ్మలు, గింజల కాయలు, ఎర్ర పండ్ల గుత్తులు 6 నుంచి 8.
- ఆకుల రెమ్మలు 6.
- గడ్డి వెన్నులు లేదా సన్నటి కొమ్మలు 3, 4.

కొనేటప్పుడు పువ్వు ముఖం ఒక్కటే చూస్తే మోసపోతాం. చామంతిని తిప్పి వెనక చూడండి. అడుగు రెక్కలు గట్టిగా ఉండి, ముందు వైపు నడిమి భాగం ఇంకా బిగిసి ఉంటే అది తాజాది. గులాబీని రెక్కలు కాడతో కలిసే చోట రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. గట్టిగా తగలాలి. మెత్తగా అణిగితే వదిలేయండి.

జినియాకు తేలికైన పరీక్ష ఉంది. పువ్వుకు ఏడెనిమిది అంగుళాల కింద కాడ పట్టుకుని కొద్దిగా ఊపండి. మెడ దగ్గర వంగి ఊగిందంటే ఇంకా కోతకు రాలేదు, ఇంట్లో పెట్టినా విచ్చదు. కాడ కర్రలా నిలబడితే తీసుకోవచ్చు. ఇక ఏ పువ్వుకైనా కాడ చివర జిగురుగా, వాసనగా ఉంటే అక్కడితో ఆ కట్ట సంగతి మర్చిపోండి.

రంగుల దగ్గర చాలామంది ఆశ పడతారు. నారింజ, పసుపు, ఎరుపు, ముదురు ఎరుపు, ఊదా, గోధుమ అన్నీ ఆకురాలు కాలం రంగులే, నిజమే. అన్నీ ఒకే గిన్నెలో పెడితే ఏదీ కనిపించదు. సగానికి పైగా ఒక రంగు, దాని పక్క రంగు కొంత, మూడోది చిటికెడు. నా మటుకు నాకు నారింజ, పీచు రంగు, కొంచెం ముదురు ఎరుపు బాగా కలుస్తాయనిపిస్తుంది.

ముదురు రంగులతో ఇంకో చిక్కు. పసుపు లైట్ల కింద, రాత్రి పూట, ముదురు ఎరుపు దాదాపు నల్లగా కనిపిస్తుంది. భోజనం రాత్రికైతే ఆ పూల పక్కనే లేత రంగు పువ్వొకటి ఉండేలా చూడండి. సాయంత్రం అదే లైటు వేసి ఒకసారి సరిచూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

భోజనం బల్ల కాబట్టి ఘాటైన వాసన వేసే పూలు వద్దు. లిల్లీలు ఇంకో కారణానికీ వద్దు: నిజమైన లిల్లీలు (లిలియం జాతివి) పిల్లులకు ప్రాణాంతకం, పుప్పొడి కూడా ప్రమాదమే. ఆ పుప్పొడి బల్లగుడ్డ మీద పడితే మరక వదలదు. బంతి పూలు పెట్టొచ్చు కానీ వాటి ఆకులకు ఘాటు ఉంటుంది కనుక ఆకులన్నీ గిల్లేయండి.

4. కాడలకు నీళ్లు పట్టించడం

ఈ మెట్టు ఎగ్గొడితే మిగతావి ఎంత బాగా చేసినా దండగ. కాడను స్ట్రా అనుకోండి. కోసిన చోట గాలి చేరినా, కుళ్లు పేరుకున్నా నీళ్లు పైకి రావు.

1. బకెట్లను సబ్బుతో కడగండి. బకెట్‌లో మిగిలిన పాత జిగురే పూలను ముందు పాడు చేస్తుంది.
2. గోరువెచ్చటి నీళ్లు సగం దాకా పోయండి. చల్లటి నీళ్ల కంటే గోరువెచ్చటివి కాడల్లోకి తొందరగా ఎక్కుతాయి.
3. నీళ్లలో మునిగే భాగంలో ఒక్క ఆకు కూడా మిగలకూడదు. మునిగిన ఆకు కుళ్లి నీళ్లను పాడు చేస్తుంది.
4. పదునైన కత్తెరతో కాడ చివర అంగుళం ఏటవాలుగా కోయండి. వంటింటి మొద్దు కత్తెర కాడను కోయదు, నలిపేస్తుంది.
5. కోసిన క్షణమే నీళ్లలో పెట్టండి. అన్నీ కోసేసి తర్వాత పెడదామనుకోవద్దు, ఒక్కొక్కటి కోయడం, పెట్టడం.
6. చల్లగా, చీకటిగా ఉండే గదిలో కనీసం నాలుగైదు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచండి. పండ్ల బుట్టకు దూరంగా.

గట్టి కొమ్మల చివర్లను సుత్తితో చితక్కొట్టమని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. వద్దు. చితికిన చోట కుళ్లు తొందరగా పడుతుంది. చివర అంగుళం మేర నిలువుగా ఒక చీలిక చాలు.

పూలతో వచ్చే ఆహారం పొట్లం ఉంటే దాని మీద రాసిన కొలత ప్రకారమే కలపండి. అందులో చక్కెర, నీటిని కొంచెం పుల్లబరిచే పదార్థం, సూక్ష్మక్రిములను ఆపేది మూడూ ఉంటాయి. పొట్లం లేకపోతే వట్టి నీళ్లే మేలు, కాకపోతే రోజూ మార్చాలి. చక్కెర ఒక్కటే వేస్తే పూల కంటే క్రిములకే ఎక్కువ మేత అవుతుంది. నీళ్లలో నాణెం వేయడం లాంటి చిట్కాల మీద నాకు నమ్మకం లేదు.

హైడ్రేంజియా దారి వేరు. అది రెక్కల గుండా కూడా నీళ్లు తీసుకోగలదు. వాడితే పువ్వును తలకిందులుగా చల్లటి నీళ్లలో అరగంట, ముప్పావుగంట ముంచి ఉంచండి, తర్వాత కాడ మళ్లీ కోసి నీళ్లలో పెట్టండి. చాలాసార్లు తేరుకుంటుంది. మిగతా పూలకు ఇలా చేస్తే మచ్చలు పడి బూజు వస్తుంది.

5. రంగు మారిన ఆకులు: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

చెట్టు మీద ఎర్రగా మెరిసే ఆకు ఇప్పటికే రాలడానికి సిద్ధమైనది. కొమ్మ విరిచి నీళ్లలో పెట్టినా తాగదు, ఇంటి వెచ్చదనానికి రెండో రోజుకే ముడుచుకుంటుంది. మూడు దారులున్నాయి.

మొదటిది, రంగు మారిన కొమ్మలను పండగ రోజు పొద్దునే కోసి చివరి నిమిషంలో గుచ్చడం. ఒక్క పూటకు పనికొస్తాయి.

రెండోది, ఆకులను వార్తాపత్రికల మధ్య పరిచి పైన బరువు పెట్టి వారం రోజులు నొక్కి ఉంచడం. రంగు బాగా నిలుస్తుంది, కానీ పెళుసుగా అవుతాయి. పాత్ర చుట్టూ బల్ల మీద పరచడానికి సరిపోతాయి.

మూడోది గ్లిజరిన్. ఒక వంతు గ్లిజరిన్, రెండు వంతుల గోరువెచ్చటి నీళ్లు వెడల్పాటి పళ్లెంలో కలిపి, ఆకులు పూర్తిగా మునిగేలా పైన ఇంకో పళ్లెం పెట్టండి. కొన్ని రోజుల్లో ఆకులు మెత్తగా, తోలులా వంగేటట్టు తయారవుతాయి. తీసి గుడ్డతో తుడిచేయాలి. కొమ్మలతో సహా కావాలంటే ఆకులు ఇంకా పచ్చగా, నీళ్లు పీల్చే దశలో ఉన్నప్పుడే కోసి కాడలను ఈ ద్రవంలో నిలబెట్టాలి. దానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టాలి.

6. పాత్ర, లోపల పట్టు

3, 4 అంగుళాల ఎత్తు, 6 నుంచి 8 అంగుళాల వెడల్పు ఉన్న గిన్నె ఏదైనా పర్వాలేదు. మట్టిపాత్రయితే ముందు నీళ్లు నింపి కాగితం మీద ఒక రాత్రి ఉంచి చూడండి. అడుగున చెమ్మ కనిపిస్తే లోపల ఇంకో గిన్నె పెట్టాల్సిందే. లేకపోతే బల్లమీద తెల్లటి వలయం పడుతుంది, అది పండగ తర్వాతా పోదు.

వెడల్పు గిన్నెలో కాడలు ఊరికే నిలబడవు. పట్టు కావాలి.

- తీగ జాలీ: కోళ్ల గూటికి వాడే సన్న తీగ జాలీని గిన్నె కంటే రెండింతల వెడల్పుకు కోసి, వదులుగా ఉండలా చుట్టి లోపల కూరండి. పైన టేపును కూడిక గుర్తులా అడ్డంగా వేసి గిన్నె అంచుకు అంటించండి. కొత్తగా చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే.
- కెన్జాన్: బరువైన లోహపు దిమ్మ మీద సూదులు నిలబెట్టి ఉంటాయి. తక్కువ పూలతో, ఖాళీలు కనిపించేలా చేసే కూర్పుకు బాగుంటుంది. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వాడొచ్చు.
- టేపు గడులు: గిన్నె నోటి మీద సన్న టేపును నిలువుగా, అడ్డంగా వేయడం. అంచు పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే టేపు అంటుకుంటుంది. నీళ్లు తర్వాతే పోయాలి.
- ఫ్లోరల్ ఫోమ్: ఆకుపచ్చ స్పాంజి ఇటుక. పని తేలికే. కానీ అది ప్లాస్టిక్, మట్టిలో కలవదు, ముక్కలై నీళ్లలో చేరుతుంది. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని వాడనివ్వట్లేదు.

ఫోమ్ తప్పదనుకుంటే దాన్ని నీళ్లలోకి చేత్తో నొక్కకండి. నీటి మీద వదిలేస్తే అదే మెల్లగా మునుగుతుంది. నొక్కితే లోపల గాలి చిక్కుకుని, అక్కడ గుచ్చిన పువ్వుకు చుక్క నీరందదు. గుచ్చిన కాడను బయటికి లాగి మళ్లీ అదే రంధ్రంలో పెట్టినా ఇదే తంటా.

7. గుమ్మడికాయను పాత్రగా వాడాలంటే

పైభాగం మూతలా కోసి, గింజలూ పీచూ గీకేసి, లోపల కాగితంతో పొడిగా తుడవండి. నీళ్లు నేరుగా పోయొద్దు. లోపల పట్టే గాజు సీసానో గిన్నెనో పెట్టి నీళ్లు దాంట్లో పోయండి. కోసిన గుమ్మడి రెండు మూడు రోజులకే మెత్తబడుతుంది కాబట్టి ముందురోజు కంటే ముందు కోయకండి. అడుగున ఒక పళ్లెం తప్పనిసరి.

కోయడం ఇష్టం లేకపోతే చిన్న గుమ్మడికాయలను కోయకుండానే పాత్ర పక్కన పెట్టండి. వారాల తరబడి ఉంటాయి, పనీ తక్కువ.

8. గుచ్చే వరస

గిన్నెలో మూడు వంతుల నీళ్లు పోసి, తిరిగే పీట మీద పెట్టుకోండి. పీట లేకపోతే గిన్నెనే తిప్పుతూ ఉండండి. ఒకే వైపు నిలబడి పేరిస్తే వెనక కూర్చున్నవాళ్లకు కాడలు, టేపు కనిపిస్తాయి.

మెట్టు 1, ఆకులు. ఆరు రెమ్మలను అంచు చుట్టూ గుచ్చండి, కానీ సమాన దూరంలో కాదు. రెండు ఒకచోట, ఒకటి దూరంగా. ఒకటి రెండు బల్లను తాకేంత కిందకు వాలనివ్వండి. గిన్నె అంచు, జాలీ అక్కడక్కడా కనబడకుండా పోతే చాలు.

మెట్టు 2, పెద్ద పూలు. ఇక్కడ తొందరపడొద్దు, కూర్పు అందమంతా ఈ ఐదింటిలోనే ఉంది. మొదటి పువ్వును నడిమికి కొంచెం పక్కగా, అన్నిటికంటే ఎత్తులో పెట్టండి. సరిగ్గా నడిమిలో పెడితే గోపురంలా తయారవుతుంది. రెండోది, మూడోది అంచుకు దగ్గరగా, కుర్చీల వైపు ముఖం తిప్పి. కూర్చున్నవాళ్లు చూసేది పై భాగం కాదు, పక్క భాగం. ఐదు పూలూ పైకప్పు వైపు చూస్తున్నాయంటే వాటిని చూసేది లైటు ఒక్కటే. నాలుగు, ఐదు మిగిలిన వైపులకు, వేర్వేరు ఎత్తుల్లో.

కాడను కోసే ముందు గిన్నె పక్కన పెట్టి చూసుకోండి. అనుకున్న దానికంటే అంగుళం పొడుగ్గా కోయండి. తగ్గించడం చేతిలో పని, పెంచడం కాదు.

మెట్టు 3, మధ్యరకం పూలు. రెండేసి, మూడేసి గుంపులుగా, పెద్ద పూల కంటే అర అంగుళం లోపలికి. అన్నీ ఒకే మట్టంలో ఉంటే కత్తిరించిన గడ్డి మైదానమే. కొన్ని లోపలికి దిగితేనే లోతు కనిపిస్తుంది.

మెట్టు 4, నింపేవి. ఖాళీలన్నీ నింపాలనేం లేదు. జాలీ కనిపించే చోట మాత్రం కప్పండి.

మెట్టు 5, సన్నటివి. గడ్డి వెన్నులు, సన్న కొమ్మలు మిగతా పూల కంటే రెండు మూడు అంగుళాలు పైకి. ఇవి మణికట్టు గీత దాటినా ఫర్వాలేదు, వాటిలోంచి అవతలి ముఖం కనిపిస్తుంది.

మెట్టు 6, కూర్చోండి. బల్ల మీద పెట్టి ప్రతి వైపు నుంచి కుర్చీలో కూర్చుని చూడండి. ఎక్కడో ఏదో తక్కువైందనిపిస్తే వెంటనే కొత్త పువ్వు పెట్టకండి, ముందు ఒకటి తీసి చూడండి. చాలాసార్లు అక్కడితో కుదురుతుంది.

9. కొవ్వొత్తులు, పండ్లు, పైన్ కాయలు

వెలిగించిన కొవ్వొత్తికి, మండే ఏ వస్తువుకైనా మధ్య కనీసం 12 అంగుళాల ఎడం ఉండాలి. ఎండిన గడ్డి, నొక్కిన ఆకులు క్షణంలో అంటుకుంటాయి. అంత ఎడం బల్ల మీద దొరకదు కాబట్టి పూల మధ్యలో బ్యాటరీ కొవ్వొత్తులే వాడండి.

యాపిల్, పియర్ పండ్లు చూడ్డానికి బాగుంటాయి కానీ పండే కొద్దీ ఇథిలీన్ వాయువు వదులుతాయి. దాని ప్రభావానికి కార్నేషన్లు త్వరగా ముడుచుకుపోతాయి. పండ్లు పెట్టాలనుకుంటే భోజనానికి గంట ముందు పెట్టి, తర్వాత తీసేయండి.

బయట ఏరుకొచ్చిన పైన్ కాయల్లో పురుగులుంటాయి. ఓవెన్‌లో సుమారు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట వేడిచేయండి, పక్కనే ఉండి చూసుకుంటూ. ఎర్ర పండ్ల గుత్తుల్లో కొన్ని విషపూరితం. పేరు తెలియనివి భోజనం బల్ల మీదకు రానివ్వకండి, చిన్నపిల్లలుంటే అసలే వద్దు.

10. ఏం తేడా వచ్చింది, ఎలా సరిచేయాలి

*గులాబీ మెడ వంచేసింది.* గాలి అడ్డుపడింది. కాడ చివర అంగుళం మళ్లీ కోసి, పువ్వును కాగితంలో నిటారుగా చుట్టి, మెడ దాకా గోరువెచ్చటి నీళ్లలో గంట రెండు గంటలు ఉంచండి.

*కాడ పొట్టిగా కోసేశారు.* గిన్నె అంచులో వాడుకోండి. ఎత్తులోనే కావాలంటే నీళ్లు నింపి ఒక్కో కాడను గుచ్చే చిన్న గొట్టంలో పెట్టి, దాన్ని ఒక పుల్లకు కట్టి గుచ్చండి.

*అంతా కదిలిపోతోంది.* జాలీ వదులైంది. పూలు తీయకుండా అంచుల వెంట ఆకుల గట్టి కాడలు రెండు మూడు అడ్డంగా దూర్చండి, పట్టు వస్తుంది.

*నీళ్లు మబ్బుగా ఉన్నాయి.* ఆకు మునిగింది. గిన్నెను సింక్‌లో పెట్టి, కుళాయి కింద మంచినీళ్లు పొంగి పొర్లేదాకా వదలండి. పూలు కదలకుండానే పాత నీళ్లు పోతాయి. ఫోమ్ అయితే ఇది కుదరదు.

*చామంతి పువ్వు బాగుంది, ఆకు పసుపెక్కింది.* మామూలే, ఆకే ముందు పోతుంది. ఆకు గిల్లేయండి.

*ఒక వైపే బరువుగా ఉంది.* బరువు వైపు నుంచి ఒక పెద్ద పువ్వు తీసి ఎదురుగా, ఇంకా కింద గుచ్చండి.

11. పండగ రోజు చెక్‌లిస్టు

- నీటి మట్టం చూశారా? మొదటి రోజే కాడలు ఎక్కువ తాగుతాయి.
- వాడిన వాటికి బదులు పెట్టడానికి రెండు మూడు పూలు విడిగా నీళ్లలో ఉన్నాయా?
- గిన్నె అడుగు తుడిచారా, కింద పళ్లెమో చాపో ఉందా?
- ఎండ, హీటర్, ఏసీ గాలి నేరుగా తగలని చోటేనా?
- ప్లేట్లు, గ్లాసులు పెట్టాక కూడా చోటు సరిపోతోందా?
- పూల మీద పురుగు, సాలెగూడు ఏమైనా ఉందా? తోట పూలైతే బయట ఒకసారి మెల్లగా దులపండి.
- కొమ్మలు ఎవరి గ్లాసులోకీ వాలడం లేదు కదా?

12. మర్నాడు

డాలియాలు ముందు పోతాయి, వాటిని తీసేయండి. నీళ్లు రెండు రోజులకోసారి (పొట్లం కలపని వట్టి నీళ్లయితే రోజూ) మార్చి, అప్పుడే కాడలు అర అంగుళం కోస్తే చామంతులు, కార్నేషన్లు రెండు వారాల దాకా నిలుస్తాయి. పెద్ద గిన్నెలో ఖాళీలు పెరిగేకొద్దీ మిగిలినవాటిని చిన్న గ్లాసుల్లోకి మార్చుకోండి.

కోడిజుట్టు పువ్వును వాడేదాకా ఉంచొద్దు. రంగు ఉన్నప్పుడే ఆకులు తీసి, నాలుగేసి కాడలు రబ్బరు బ్యాండుతో కట్టి, చీకటిగా గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీయండి. తాడు కంటే రబ్బరు బ్యాండు నయం, ఎండి సన్నబడ్డ కాడలను కూడా అది పట్టి ఉంచుతుంది. రెండు మూడు వారాల్లో ఎండుతాయి. కింద ఒక కాగితం పరచండి, నల్లటి గింజలు రాలుతాయి.